నా సాలు ఎవరూ చూడలేదు

పెద్దమందడి బడి హెడ్మాస్టరు నిరంజన్ సారు ఫోన్ చేశారు. బడికి యాభై ఏళ్ళు నిండాయట, పుస్తకం వేస్తున్నారట, అందులో నా జీవితం గురించి నేనే నాలుగు పేజీలు రాయాలట. "పిల్లలకు స్ఫూర్తిగ ఉండాలె మేడం" అన్నారు. సారూ, స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. జరిగింది రాస్తాను. అచ్చు వేసుకుంటారో, పొయ్యిలో వేసుకుంటారో మీ ఇష్టం.

ముందు నేను చేసే పని చెప్పాలి. మా ఊళ్ళో దాని మీద చాలా కథలున్నాయి. సముద్రంలో పెట్రోలు వెతుకుతానని కొందరంటారు, తుఫాన్లు ఆపుతానని ఇంకొందరంటారు. నా మొహం! నేను సీసాలు నింపుతాను. మనం కాల్చే బొగ్గు, డీజిలు పొగలోని కార్బన్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రం మింగేస్తుంది. మింగి మింగి దాని నీళ్ళు మెల్లగా పులుపు తిరుగుతున్నాయి. ఎంత మింగుతోంది, ఇంకెన్నాళ్ళు మింగగలదు అని లెక్క తేల్చేవాళ్ళలో నేనొకదాన్ని. విశాఖపట్నం నుంచి నెలకోసారి పడవ మీద ఒకే చోటికి వెళ్తాం. పైనీళ్ళు ఒక సీసాలో, ముప్పై మీటర్ల లోతు నీళ్ళు ఒకదాంట్లో, అరవై మీటర్ల లోతువి మరొకదాంట్లో పడతాం. సీసాలో గాలి బుడగ మిగలకూడదు. నీళ్ళలోని కంటికి కనపడని ప్రాణులు కార్బన్‌ను మార్చెయ్యకుండా చుక్క విషం వెయ్యాలి. మూత బిగించి, చీటీ అంటించి, ల్యాబుకు తెచ్చి కొలవాలి. పదమూడేళ్ళుగా ఇదే పని.

ఒక్క సీసా తప్పయినా పదేళ్ళ లెక్క వంకరపోతుందని, కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతాను. చెప్పడం కాదు, అరుస్తాను. నాకు నోరెక్కువ. ల్యాబులో నా వెనక నన్ను 'బుడగ మేడం' అంటారని కూడా నాకు తెలుసు. "ఇంత కచ్చితం ఎక్కడ నేర్చుకున్నారు మేడం?" అని ఎవరైనా అడిగితే "పాలమూరు పత్తి చేలల్లో" అంటాను. కూలి చేసిన పిల్ల ఎంత ఎదిగిందో అని కళ్ళు పెద్దవి చేసుకుంటారు. వాళ్ళు అలా చూసినప్పుడల్లా నాకు లోపల చచ్చే సిగ్గు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అది 2001. నాకు పదమూడేళ్ళు. నాన్న లేడు. పత్తి పూసే కాలం రాగానే మా అమ్మ నన్ను బడి మాన్పించి, గద్వాల పక్కన సీడు పత్తి పనికి తీసుకుపోయేది. పెద్దమందడి నుంచి పన్నెండు మందిమి వెళ్ళేవాళ్ళం. మా ముఠాకు మేస్త్రి నాగేంద్రమ్మ. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. రైతు పేరు అంజన్న, ఆయన భార్య కౌసల్యమ్మ. చేని గట్టు మీద రేకుల కొట్టంలో మూడు నెలలు మా మకాం.

గద్వాలలో ఈ పని తెలియనివాళ్ళు లేరు, బయటివాళ్ళ కోసం రాస్తున్నాను. సీడు పత్తి అంటే విత్తనం కోసం పండించే పత్తి. మగ చెట్లు ఒక చెక్కలో, ఆడ చెట్లు ఇంకో చెక్కలో ఉంటాయి. రేపు విచ్చుకోబోయే ఆడ చెట్టు మొగ్గను ఇవాళ సాయంత్రమే బొటనవేలి గోరుతో గిచ్చి, రేకులూ పుప్పొడీ తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్ది, కాడకు రంగు దారం కట్టాలి. దారం ఉంటే ఆ కాయ సరైన విత్తనానికి పనికొస్తుందని గుర్తు. సాయంత్రం గిచ్చకుండా వదిలేసిన మొగ్గ తెల్లారేసరికి దానంతటదే విచ్చుకుంటుంది, దాని పుప్పొడి దానిమీదే పడిపోతుంది. అలాంటి పువ్వును తెంపి పారెయ్యాలే తప్ప దారం కట్టకూడదు. ఆ పనిలో ఉన్న నీతి అంతా ఈ ఒక్క మాటే.

ముఠాలో అందరికన్నా నా చెయ్యి వేగం. పొద్దున మేం దారాలు కట్టాక నాగేంద్రమ్మ సాలు సాలూ, మొక్కల వరస వరసా నడిచి చూసేది. సాయంత్రం గిచ్చిన చోటు తెల్లారేసరికి ఎర్రబారుతుంది, అప్పటికప్పుడు పీకితే పచ్చగా ఉంటుంది. ఆ తేడా ఆమె నడుస్తూ నడుస్తూనే పట్టేసేది. పట్టుకుందంటే ఇక తిట్ల వానే. నా సాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగేది కాదు. "రోజా సాలు చూసుడెందుకే? ఆ పిల్ల చెయ్యి తప్పుపోదు" అనేసి పక్క సాలుకు పోయేది.

ఆ సంవత్సరమే గురుకులంలో మిగిలిన సీట్లకు పరీక్ష పడింది. మా బడి సారు పుస్తకాలు పంపించాడు. "రాయి, గని కూలి ఇడువకు" అంది అమ్మ. కొట్టంలో కరెంటు లేదు. చదువుకోవాలంటే సాయంత్రం వెలుగు ఉన్నప్పుడే. మొగ్గలు గిచ్చేదీ సరిగ్గా అప్పుడే. మొదటి రోజు ఒక సాలు చివర పదో పన్నెండో మొగ్గలు వదిలేసి వచ్చి లెక్కలు చేసుకున్నాను. పొద్దున వాటిని తెంపి పారేద్దాం అనుకున్నాను. పొద్దున చూస్తే విచ్చుకున్న పువ్వులు తెల్లగా నన్నే చూస్తున్నాయి. అన్ని తెంపితే అడుగుతారు కదా! గబగబా రేకులు పీకి, మగ పువ్వు తాకించినట్టు చేసి, దారం కట్టేశాను. చూస్తే అచ్చం మిగతావాటిలాగే ఉన్నాయి.

ఒక్క రోజుతో ఆగిందని రాస్తే నాకు కొంచెం బాగుండేది. ఆగలేదు. పద్దెనిమిది రోజులు చేశాను. చివరికొచ్చేసరికి రోజుకు యాభై అరవై పువ్వులు. నేను గట్టు మీద చదువుకుంటుంటే కౌసల్యమ్మ చూసి, వాళ్ళ బిడ్డ జామెట్రీ బాక్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదువుకో బిడ్డా, మీయమ్మ లెక్క నీ నడుం ఒంగొద్దు" అని రొట్టె మీద ఇంత పల్లీల పొడి వేసి ఇచ్చింది. ఆమె పెట్టిన రొట్టె తింటూ ఆమె చేలోనే దొంగ దారాలు కట్టాను. సిగ్గుండాలి కదా మనిషికి?

పరీక్ష పాసయ్యాను, గురుకులంలో చేరాను. ఎండాకాలం సెలవుల్లో ఇంటికొచ్చిన మూడో రోజే అంజన్న మా వాడకొచ్చాడు. విత్తనాలు కొనే కంపెనీవాళ్ళు వాటిలోంచి కొన్ని నాటి చూసే పరీక్ష ఒకటుంటుంది. అందులో వేరే రకం మొక్కలు మొలిచాయట. టెస్టు ఫెయిలైంది, విత్తనం మొత్తం వద్దన్నారు, ఇంకెప్పుడూ ఆయనకు సీడు పని ఇచ్చేది లేదన్నారు. ఆయన నాగేంద్రమ్మ గుమ్మం ముందు నిలబడి అరుస్తుంటే వాడంతా గుమిగూడింది.

"కండ్లు కనవడ్తలేవని ముందుగాల చెప్పొద్దా నాగేంద్రమ్మా? నిన్ను నమ్మి చేను నీ చేతుల పెట్టిన గదా!"

"నేను చూసిన అంజన్నా. ఒక్కొక్క దారం చూసిన" అంది ఆమె.

"చూస్తే గిట్లెందుకైతది?"

నాగేంద్రమ్మ చెంగుతో కళ్ళు రుద్దుకుంది, ఏడ్చి కాదు, నిజంగానే వాటికేమైనా అయిందేమోనని. నేను అమ్మ పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు తెరిస్తే గురుకులం సీటు పోతుందని భయం. అంతే. ఇంకే గొప్ప కారణమూ లేదు.

ఆ తర్వాత ఆమెను మేస్త్రిగా ఎవరూ పిలవలేదు. ముఠా విరిగిపోయింది. నేను మాత్రం ఎక్కడా ఆగలేదు. వనపర్తిలో డిగ్రీ, హైదరాబాదులో ఎమ్మెస్సీ, విశాఖలో పరిశోధన. ఇరవై మూడో ఏట మొదటిసారి సముద్రం చూసి, పడవెక్కి, అరగంటకే పేగులు బయటికొచ్చేలా కక్కాను. తర్వాత అలవాటైంది. పేపర్లు అచ్చయ్యాయి, డాక్టరేటు వచ్చింది, పెద్ద ఓడల మీద నెలల తరబడి తిరిగాను. సీసా మీద చీటీ అంటించేటప్పుడు మాత్రం ఒక్కోసారి చెయ్యి ఆగేది. ఆ చేలో ఇంకెవరైనా కూడా చేసే ఉంటారులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఒకసారి హాస్టల్లో కూర్చుని లెక్క కూడా వేశాను. ఇంకెవరూ చెయ్యకపోయినా, నా దారాలు ఒక్కటే చాలు ఆ టెస్టు ఫెయిల్ కావడానికి. కాగితం చింపేసి, స్నానం చేసి పడుకున్నాను.

ఇక్కడితో అయిపోయినా బాగుండు. మూడేళ్ళ కింద మా ప్రాజెక్టుకు సహాయకుడు కావాల్సి వచ్చింది. ఉదయ్ కిరణ్ అని బిజినేపల్లి అబ్బాయి వచ్చాడు, కూలోళ్ళ బిడ్డ. మా పక్కవాడని సంతోషపడి నేనే ఎంపిక చేశాను. ఐదో నెలలో వాడు తెచ్చిన సీసాలు కొలిస్తే పైనీళ్ళూ, ముప్పై మీటర్లవీ, అరవై మీటర్లవీ మూడూ ఒకే అంకె చూపించాయి. లోతుకు పోయేకొద్దీ కార్బన్ పెరగాలి. మూడూ ఒకటే కావడం అసాధ్యం. పిలిచి అడిగాను.

"వాంతులైనయి మేడం. లేవనీకె చాతకాలే. పైనీళ్ళే మూడు సీసాలల్ల పట్టిన. తప్పైంది" అన్నాడు. అడగ్గానే చెప్పాడు. ఒక్క సాకు కూడా వెతకలేదు.

ల్యాబులో అందరి ముందూ వాణ్ణి చీల్చి చెండాడాను. "ఒక్కసారి మాఫ్ చెయ్యుండ్రి మేడం" అని వాడంటే, "నీకన్నా ఎక్కువ కష్టాల్లో చదివాను నేను! ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కటి దొంగపని చెయ్యలేదు!" అన్నాను. గురివింద గింజ కూడా నన్ను చూసి సిగ్గుపడేది. అంతటితో ఊరుకున్నానా? నిజాయితీ లేని మనిషి అని ఉత్తరం రాసి పైకి పంపాను. వాడి ఉద్యోగం పోయింది, ఇంకే పరిశోధన సంస్థా వాణ్ణి చేర్చుకోలేదు. ఇప్పుడు బిజినేపల్లిలో ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు.

మొన్న జూలైలో మన బడిలో నాకు సన్మానం చేశారు. సారూ, మీరూ వేదిక మీదే ఉన్నారు కదా, చూశారు. శాలువా కప్పారు, దండ వేశారు. ఒక ముసలమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టూ తడుముకుంటూ పైకి వచ్చింది. నాగేంద్రమ్మ. మీరే ఆమె చేతికి మైకు ఇచ్చారు.

"గీ బిడ్డ నా ముఠాల పని చేసింది" అంది ఆమె. "నా కండ్లు మంచిగ లేక అంజన్న చేను ఖరాబు చేసిన. గా పాపం నాది. గని గీ పిల్ల ఒక్క దారం తప్పు కట్టలే. గందుకే గింత పెద్దగైంది."

చప్పట్లు మోగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఏం చేశాను? మెడలో దండతో ఆమెకు నమస్కారం పెట్టాను. ఫోటో కూడా తీశారు. ఆ ఫోటో దయచేసి ఈ పుస్తకంలో వెయ్యకండి.

మర్నాడు పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. మెరికలూ రాళ్ళూ టకటకా తీసి పక్కన వేస్తోంది.

"మంచిగనే కనవడ్తున్నయి గదా పెద్దమ్మా?" అన్నాను.

"ఏం కనవడుడు బిడ్డా, చెయ్యి అలవాటు. వనపర్తి దవాఖానల మూడుసార్లు చూపించిన. మంచిగున్నయే అంటరు. వాళ్ళకేమెరుక? అంజన్న చేన్ల నేనెట్ల మోసపోయిననో వాళ్ళు చూసిండ్రా?"

అప్పుడు చెప్పాను. మొగ్గలు వదిలెయ్యడం, పొద్దున రేకులు పీకడం, పద్దెనిమిది రోజులు, అంతా. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు బియ్యంలో కదల్లేదు.

"అంటే నేను చూసిన సాళ్ళన్ని మంచిగనే ఉండెనా?"

"ఉండె పెద్దమ్మా."

"నా కండ్లు మంచిగనే ఉండెనా?"

తల ఊపాను.

ఆమె చాట కింద పెట్టింది. "ఇరవై నాలుగేండ్లాయె సూదిల దారం ఎక్కియ్యక. నా బిడ్డకు కానుపైతే మంత్రసాని రాకముందు నన్ను బొడ్డు కొయ్యమన్నరు. నాకు కనవడదు, పానం మీదికొస్తదని బయటనే నిలవడ్డ. నా కండ్లను నేనే నమ్మకపోతినే!" అంది. నా మొహంలోకి సూటిగా చూసింది. "ఎందుకు చెప్పలే?"

"సీటు పోతదని."

"సీటు వచ్చినంక?"

"భయమైంది."

"కొలువు వచ్చినంక? నిన్న మైకు నా చేతుల ఉన్నప్పుడు?"

ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఇంకెవరి బతుకన్న ఖరాబు చేసినవా గిట్ల?" అని అడిగింది. ఉదయ్ కిరణ్ సంగతి కూడా చెప్పేశాను.

"ఆ పిలగాడు ఒప్పుకున్నడా?"

"అడగంగనే ఒప్పుకున్నడు."

"నీకన్న నయం" అంటూ ఆమె లేచి చీర దులుపుకుంది. "నడువ్. గద్వాలకు పోదం. నాకు చెప్పుడు కాదు, కౌసల్యమ్మకు చెప్పు."

వనపర్తి బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి అందించబోయాను. "నాకు కనవడ్తది" అని తనే ఎక్కింది. వనపర్తిలో గద్వాల బస్సు కోసం ఆగినప్పుడు ఉదయ్ కిరణ్‌కు ఫోన్ చేశాను. ఆ రోజు అందరి ముందు నేనన్నది అబద్ధమనీ, వాడి మీద రాసిన ఉత్తరం తప్పని మళ్ళీ రాస్తాననీ చెప్పాను. అటువైపు ఎవరో యూరియా బస్తాల గురించి అడుగుతున్నారు. "గిరాకి ఉన్నది మేడం, తర్వాత మాట్లాడ్త" అని పెట్టేశాడు. ఉత్తరం రాశాను, పంపాను. వాడు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చేస్తాడు?

అంజన్న నాలుగేళ్ళ కింద పోయాడట. కౌసల్యమ్మ గద్వాలలో కూతురింటి పక్కనే ఒక గదిలో ఉంటోంది. నాగేంద్రమ్మను చూడగానే ఆమె మొహం మాడిపోయింది. నాగేంద్రమ్మ దాన్ని పట్టించుకోకుండా, గుమ్మంలోనే ఆగి, నా వైపు తిరిగి "చెప్పు" అంది.

నిలబడే చెప్పాను. ఈసారి ఏడవలేదు, ఏడిచే హక్కు కూడా లేదనిపించింది. చెప్పడం అయ్యాక కౌసల్యమ్మ తిడుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. ఆమె నా వంక చూడనే లేదు.

"పానం పొయ్యేదాంక ఆయన నిన్నే తిట్టిండు నాగేంద్రమ్మా" అంది. "నేను సుత తిట్టిన. శానా తిట్టిన."

"మీరు తిడుతుండ్రని నాకెరుకనే అమ్మా. నన్ను నేను సుత తిట్టుకున్న."

కౌసల్యమ్మ లేచి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయి, మంచం మీద కూర్చోబెట్టింది. బిందెలోంచి నీళ్ళు ముంచి, గ్లాసు తుడిచి ఇచ్చింది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆ చేను గురించి, అప్పటి మనుషుల గురించి, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని మాట్లాడుకోసాగారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి రమ్మని గానీ, పొమ్మని గానీ ఇద్దరిలో ఎవరూ అనలేదు.